వెనక్కి తిరిగితే ముందెవరు

నేరేడుగొందికి పోయే కాలిబాట ఒక్క మనిషి వెడల్పు ఉంటుంది. ఆ ఒక్క మనిషీ మరీ బొద్దుగా ఉండకూడదు. మేకలు, మనుషులు, తేనె కుండలు, జ్వరాలు, కొత్త కోడళ్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటిగా ఆ బాట మీదే ఎక్కేవి, దిగేవి. ముందెవరు నడవాలి, వెనకెవరు నడవాలి అన్న ప్రశ్న ఆ కొండ మీద ఎవరికీ ఎన్నడూ తట్టలేదు. అలాంటిది తట్టాలంటే జిల్లా కేంద్రం నుంచి మనుషులు రావాలి.

వాళ్లు రావడానికి కారణం ఒక బండి.

పోయిన ఏడాది ఎవరో పుణ్యాత్ములు నేరేడుగొంది కోసం ఒక బైకు అంబులెన్సు కొనిచ్చారు. రెండు చక్రాల బండే. వెనకాల వాలుకుర్చీ లాంటి సీటు, మనిషి జారిపోకుండా బెల్టులు, పైన ఎండ తగలకుండా చిన్న గుడ్డ పందిరి. ఆ బాట మీద సుబ్బరంగా పోతుంది. పోవడానికి కావలసింది పెట్రోలు, నడిపే మనిషి. ఈ రెండింటికీ కావలసింది కలెక్టరు గారి సంతకం. ఆ సంతకం కోసం బండి ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఏడాది పాటు నిలబడింది. దాని వాలుకుర్చీలో ఒక కోడి రెండుసార్లు పిల్లల్ని లేపింది.

సంతకం అడిగినప్పుడల్లా పైనుంచి ఒకటే జవాబు. విషయం పరిశీలనలో ఉన్నది.

అడిగేది సువార్త. ఆమె ఆ కొండకి ఏఎన్ఎం, అంటే సూది వేసేదీ, బరువు చూసేదీ, పురుడు పోసేదీ, తిట్లు తినేదీ ఆమే. ఉద్యోగం కాంట్రాక్టుది. నోరు మాత్రం పర్మనెంటు. ముందటేడు వానల్లో పల్లాల చిన్నమ్మి అనే పిల్లకి నెలలు నిండకుండానే నొప్పులొస్తే, డోలీ కట్టి ఈ బాట మీదే దించారు. సువార్త ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన నడుద్దామంటే బాట వెడల్పు చాలలేదు. వెనక నడుస్తూ మాట్లాడుతూ వచ్చింది. సగం దారిలో చిన్నమ్మి ఇంక మాట్లాడలేదు. పిల్ల బతికింది గాని, కడుపులో బిడ్డ బతకలేదు. ఆ సంగతి తలుచుకుంటే సువార్తకి ఇప్పటికీ అన్నం సయించదు.

ఇప్పుడు చిన్నమ్మికి మళ్లీ నెలలు నిండాయి. ముందుగానే ఆసుపత్రికొచ్చి ఉండమంటే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఇప్పపూలు రాల్తన్నయ్యి కదమ్మా. ఇప్పుడేరుకోపోతే వానల్లో ఏం తింటాం?" అంది. అందుకని సువార్త మళ్లీ జిల్లా ఆఫీసుకెళ్లింది.

"బండి ఉందండి. పెట్రోలు లేదు," అంది.

"అమ్మా, పెట్రోలు కన్నా ముందు అవగాహన ఉండాలి. అవగాహన లేని పెట్రోలు ఆవిరైపోతుంది," అన్నాడు ప్రోటోకాల్ సూపరింటెండెంటు భీమశంకరం.

ఆ అవగాహన కోసమే 'వసంత సేవా నడక' పుట్టింది. కొండ కింద ఫారెస్టు బంగళా నుంచి నేరేడుగొంది దాకా అడవిలో అధికారులంతా నడుస్తారు. నడిచినందుకు దాతలు విరాళాలిస్తారు. నడక పూర్తయ్యాక కలెక్టరు గారు బంగళా ముందు వేదికెక్కి బండి ఫైలు మీద సంతకం చేస్తారు. ఇప్పుడే చేస్తే ఏమవుతుందని సువార్త అడగలేదు. నడక పూర్తయితే సంతకం పడుతుంది. ఆమెకి అంతే కావాలి.

*

భీమశంకరం చెడ్డవాడు కాడు. శాలువాలు ఏ వరసలో కప్పాలో, కుర్చీలు ఎంత దూరంలో వెయ్యాలో, జ్యోతి వెలిగించేటప్పుడు కొవ్వొత్తి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాలో ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. పెళ్లి చూపులకెళ్లినప్పుడు కూడా అమ్మాయి కంటే ముందు అమ్మాయి మేనమామ హోదా ఏమిటని అడిగాడని చెప్పుకుంటారు. నడక సంగతి తెలియగానే ఆయన బాట చూసి రమ్మని మనిషిని పంపాడు. బాట ఒక్క మనిషి వెడల్పేనని తెలిసిన రోజున భోజనం మానేశాడు.

మామూలు నడకలు రోడ్డు మీద జరుగుతాయి. అక్కడ బ్యానరు అడ్డంగా పట్టుకుని పెద్దవాళ్లంతా ఒకే వరసలో నడుస్తారు. ఎవరూ ఎవరికన్నా ముందు కాదు. ఇక్కడ అడ్డంగా నడవడానికి అడవి ఒప్పుకోదు. బాటకి రెండు పక్కలా దూలగొండి తీగలు అల్లుకుని ఉన్నాయి. ఎండిన కాయల మీది నూగు ఒంటికి తగిలితే మనిషి గోక్కోవడం తప్ప ఇంకో పనికి పనికిరాడు.

"అయితే ఒకరి వెనక ఒకరే," అని భీమశంకరం సన్నాహక సమావేశంలో ప్రకటించాడు. "హోదా క్రమంలో. ముందు కలెక్టరు గారు. తదనంతరం తదితరులు."

జిల్లా అటవీ అధికారి, జిల్లా వైద్యాధికారి ఇద్దరిదీ ఒకే హోదా, ఒకే సంవత్సరం ఉద్యోగం. వాళ్లలో ఎవరు ముందన్న దాని మీద మధ్యాహ్నం దాకా గడిచింది. చివరికి పుట్టిన తేదీలు చూద్దామన్నారు. వైద్యాధికారి డాక్టరు హైమావతి తన వయసు ఇంత నిండు సభలో చెప్పడం కన్నా ఆయన వెనక నడవడమే మేలని వెనక్కి తగ్గింది.

"మరి దారి చూపించేవాళ్లు?" అని కలెక్టరు గారు అడిగారు. ఆయన చిన్నవాడు, నెమ్మదస్తుడు. నడక కోసం కొత్త బూట్లు కొనుక్కున్నాడు.

"సువార్త అని, ఏఎన్ఎం ఉన్నది సార్. వారం వారం ఆ దారినే వెళ్తుంది."

"అయితే ఆవిణ్ని ముందు నడవమనండి."

భీమశంకరం ముఖంలో నొప్పి కనిపించింది. "సార్, దారి తెలియడం హోదా కిందకి రాదు," అన్నాడు మెల్లగా. "ఆమె కాంట్రాక్టు. మంచినీళ్ల డబ్బా మోసే అటెండరు అప్పన్న కూడా పర్మనెంటు. కావున అప్పన్న తరవాత ఆమె."

"చివరన ఉండి దారి ఎలా చూపిస్తుందండి?"

"సరైన మార్గంలో సార్. మలుపు వచ్చినప్పుడు ఆమె అప్పన్నకి విన్నవిస్తుంది. అప్పన్న తన పై అధికారికి నివేదిస్తాడు. ఆ విధంగా తమ దాకా వస్తుంది."

ఇక భీమశంకరం తానెక్కడ నడవాలన్నది మిగిలింది. హోదా చూస్తే వెనకెక్కడో ఉండాలి. "ప్రోటోకాల్ అనేది వ్యక్తి కాదు, వ్యవస్థ. వ్యవస్థకి స్థానం ఉండదు," అని చెప్పి ఆయన కలెక్టరు గారి వెనకే చోటు తీసుకున్నాడు.

*

నడక రోజు పొద్దున బంగళా ముందు వేదిక, షామియానా, ఇడ్లీ, ఉప్మా, టోపీలు, టీషర్టులు అన్నీ అమిరాయి. బండిని షెడ్డులోంచి తెచ్చి, కోడిని దించి, రిబ్బను కట్టి వేదిక పక్కన నిలబెట్టారు. జ్యోతి వెలిగింది. నడక ఎందుకు మంచిదో కుర్చీల్లో కూర్చుని నలుగురు మాట్లాడారు. ఎండెక్కాక జెండా ఊపారు.

అడవి మాత్రం ఎవరూ చెప్పకుండానే తయారై ఉంది. నేరేడు చెట్లు చిగుళ్లేశాయి. ఆకు ఒక్కటి లేకుండా మోదుగలు పూశాయి. ఇప్పపూల వాసన గాలంతా నిండి కాస్త మత్తుగా ఉంది. ఎక్కడో కోయిల కూస్తూనే ఉంది, దాన్ని ఎవరూ ఆహ్వానించకపోయినా. అధికారులు ముప్పై మందికి పైగా ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ నడిచారు. బ్యానరుని పొడుగునా పట్టుకున్నారు కాబట్టి దాని మీద ఏముందో చెట్లకి తప్ప ఎవరికీ కనబడలేదు.

చివరన సువార్తకి అప్పన్న వీపు, వీపు మీద డబ్బా కనిపించాయి.

కొంత దూరం పోయాక బాట రెండుగా చీలుతుంది. ఎడమది నేరేడుగొందికి పోతుంది. కుడిది ఇప్పచెట్ల తోపులోకి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. చీలిక ఇంకా కాస్త దూరం ఉందనగానే సువార్త, "అప్పన్నా, ఎడమకని చెప్పు," అంది.

అప్పన్నని ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరూ ఏ విషయం మీదా నివేదించమనలేదు. గొంతు సవరించుకున్నాడు. "ఎడమకి తిరగవచ్చునని సిఫారసు చేస్తూ పంపుతున్నాను," అన్నాడు.

ఆయన ముందున్నది హెల్త్ సూపర్‌వైజరు కోటేశ్వరమ్మ. ఆవిడ, "కిందివారి సిఫారసు నిజమే అయి ఉండవచ్చు," అని చేర్చి పంపింది. మాట వీపు నుంచి వీపుకి ఎక్కుతూ పోయింది. దారిలో ఒకరు లోగడ ఇటువంటి మలుపు తిరిగిన దాఖలా ఉన్నదా అన్నారు. ఇంకొకరు టీ తాగుతూ కాసేపు తన దగ్గర ఉంచుకున్నారు. వైద్యాధికారి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ, "ఇది అడవి కనుక అటవీ శాఖ అభిప్రాయం తీసుకోవలసింది," అంది. అటవీ అధికారి ఈ జిల్లాకొచ్చి రెండేళ్లయింది. అడవి ఆయన పరిధిలోనే ఉంది గాని ఆయన ఎప్పుడూ అడవి పరిధిలోకి రాలేదు. "ఎడమా మా భూమే, కుడీ మా భూమే. శాఖకు అభ్యంతరం లేదు," అన్నాడు.

సిఫారసు భీమశంకరం చెవిన పడేసరికి కలెక్టరు గారు కుడివైపు తిరిగి చాలా దూరం పోయారు.

"సార్, ఎడమ అని కింది నుంచి వచ్చింది."

"అయ్యో, మరి తిరుగుదామా?"

"అక్కర్లేదు సార్. తమరు ఉన్న వైపే సరైన వైపుగా భావించవలసి ఉంటుంది."

వెనక సువార్త కేక వెయ్యబోయింది. కోటేశ్వరమ్మ గిరుక్కున తిరిగి, "కలెక్టరు గారిని కేకేసి పిలుస్తావేంటే, ఉద్యోగం చెయ్యాలనుందా లేదా?" అంది. సువార్త నోరు మూసుకుంది. సంతకం ఇంకా పడలేదు మరి.

*

ఇప్పచెట్ల తోపులో బాట మీద ఒక ఎలుగుబంటి కూర్చుని ఉంది. ఆ రోజుల్లో ఇప్పపూలు రాలుతాయి, అవంటే దానికి ప్రాణం. పొద్దుటి నుంచీ తింటున్నట్టుంది. అది తల ఎత్తి కలెక్టరు గారిని చూసింది. ఆయన దాన్ని చూశాడు. అది మళ్లీ పూలు ఏరుకోవడంలో పడింది.

"వెనక్కి పోదాం," అన్నారు కలెక్టరు గారు, పెదవులు కదలకుండా.

"చిత్తం సార్," అని భీమశంకరం సగం తిరిగాడు. తిరిగి ఆ పొడుగాటి వరసని ఈ కొస నుంచి ఆ కొసకి చూశాడు. అక్కడే ఆగిపోయాడు. ఎలుగుబంటిని చూసినప్పుడు కూడా ఆయన అంత భయపడలేదు.

"సార్, వెనక్కి తిరిగితే సువార్త ముందవుతుంది."

ఆ మాట వరసంతా పాకింది. కాంట్రాక్టు ఏఎన్ఎం ముందు, ఆమె వెనక అటెండరు, ఆయన వెనక అందరూ, అందరికంటే వెనక కలెక్టరు. అలా ఊరేగింపుగా బంగళా దగ్గర దిగితే అక్కడ ఫొటోలు తీసేవాళ్లు కాచుకుని ఉన్నారు.

"అందరూ పక్కకి జరిగి సార్‌కి దారిస్తే?" అని ఎవరో అన్నారు. అందరూ దూలగొండి వైపు చూశారు. ఎవరూ జరగలేదు.

భీమశంకరం కళ్లు మూసుకుని ఆలోచించాడు. "ముఖాలు ముందుకే ఉండాలి. కాళ్లు మాత్రం వెనక్కి వెయ్యాలి," అన్నాడు. "అప్పుడు మనం వెనక్కి వెళ్తున్నట్టు కాదు. ముందుకు చూస్తూ దూరమవుతున్నట్టు."

జిల్లా యంత్రాంగం వెనక్కి నడవడం మొదలెట్టింది. ముందు చూపుతోనే. నాలుగడుగులకి అటవీ అధికారి వేరు తట్టుకుని వైద్యాధికారి ఒళ్లో కూర్చున్నాడు. ఆవిడ తన వెనకాయన మీద పడింది. అలా కూలుతూ కూలుతూ వచ్చి ఆ కూలడం అప్పన్న నీళ్ల డబ్బా దగ్గర ఆగింది. ఎలుగుబంటి తల ఎత్తి ఇదంతా చూసింది.

సరిగ్గా అప్పుడే సువార్త వెనక బాట మీద పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడైంది. చిన్నమ్మి మొగుడు అబ్బాయిరెడ్డి, చీలిక దగ్గర ఈ గోల విని ఇటు మళ్లాడు. ఆయాసంతో మాట సరిగా రాలేదు.

"సిస్టరమ్మా, పిల్లకి తెల్లారగట్ల నొప్పులొచ్చేసినయ్యి. డోలీ కట్టేరు. చీలిక కాడికి తెస్తన్నారు. ఇంక నడిపించలేం అమ్మా. పోయినసారిలాగే ఉంది దాని వాలకం."

సువార్త కొండ కిందికి చూసింది. డోలీలో ఆసుపత్రి దాకా అంటే ఎంతసేపో ఆమెకి తెలుసు, ఆ సేపట్లో ఏం జరగొచ్చో కూడా తెలుసు. బండైతే అన్నం ఉడికేలోపు చేర్చేస్తుంది. ఆ బండేమో కింద బంగళా దగ్గర రిబ్బను కట్టుకుని కూర్చుంది.

"అప్పన్నా, నొప్పులొచ్చినయ్యి, బండి కావాలని చెప్పు. బేగీ."

అప్పన్న ఈసారి సిఫారసు చెయ్యలేదు, పరుగులాంటి గొంతుతో చెప్పాడు. మాట ఎక్కింది. జవాబు దిగింది. దిగేసరికి అది ఇలా ఉంది. సదరు ఫైలు నడక పూర్తయిన పిమ్మట పరిశీలించబడును.

అబ్బాయిరెడ్డి ఆమె ముఖం వంక చూస్తున్నాడు. సువార్త ఆ వరసని చూసింది. ముందుకి పోలేరు, ఎలుగుబంటి. పక్కకి జరగలేరు, దూలగొండి. వెనక్కి తిరగలేరు, తను. ఆమెకి వీళ్లందర్నీ ఒకేసారి కొండ మీంచి తోసెయ్యాలనిపించింది. కోపం కాస్త దిగాక ఒక సంగతి గుర్తొచ్చింది. ఆమె పనిచేసే ఆసుపత్రిలో అసలు డాక్టరు ఎప్పుడూ లేడు. ఇన్‌చార్జి డాక్టరు ఉన్నాడు. ఆయన సెలవు పెడితే ఇన్‌చార్జికి ఇన్‌చార్జి ఉంటాడు. ఒకసారి పళ్ల డాక్టరు పురుళ్లకి ఇన్‌చార్జిగా ఉన్నాడు. ఎవరూ ఏమనలేదు. కాగితం ఉంది కాబట్టి.

"అప్పన్నా, ఇంకో మాట పంపు. కలెక్టరు గారు ఇక్కడే సెలవు పెడితే, ఇన్‌చార్జి ఎవరవుతారండీ అని అడుగు. అంతే."

ఆ ప్రశ్న భీమశంకరాన్ని చేరినప్పుడు ఆయన ముఖం కొద్దికొద్దిగా వెలిగింది. చూస్తుండగానే ఆ ఆలోచన తనదేనని నమ్మేశాడు.

"సార్," అన్నాడు. "తమరు ఈ ఇప్పచెట్టు మొదలుకొని బంగళా మెట్ల వరకు ఆకస్మిక సెలవు పెట్టండి. ఆ మేరకు సువార్త గారికి కలెక్టరుగా పూర్తి అదనపు బాధ్యతలు. అప్పుడు ముందు నడిచేది సువార్త కాదు సార్. కలెక్టరే."

"ఒక కాంట్రాక్టు ఉద్యోగికి కలెక్టరు బాధ్యతలా?" అన్నాడు అటవీ అధికారి.

"అత్యవసర సమయంలో అందుబాటులో ఉన్నవారికి. ఎలుగుబంటి ఉన్నందున అత్యవసరం. వెనకాల ఉన్నందున అందుబాటు."

ఎలుగుబంటి ఇంకో గుప్పెడు పూల కోసం ఒక అడుగు ముందుకేసింది. కలెక్టరు గారు సెలవు పెట్టారు.

కాని భీమశంకరం పని సగంలో వదిలే మనిషి కాడు. కలెక్టరు ఒక్కరే మారితే చాలదు. ఆమె వెనక అప్పన్న, అప్పన్న వెనక కోటేశ్వరమ్మ, వాళ్ల వెనక జిల్లా అధికారులు నడుస్తారు. అదీ తప్పే. కాబట్టి ముందున్న ప్రతి అధికారీ వెనక నుంచి అదే స్థానంలో ఉన్న ఉద్యోగికి బాధ్యతలు అప్పగించాలన్నాడు. అటవీ శాఖ అప్పన్నకి వచ్చింది. వైద్య శాఖ కోటేశ్వరమ్మకి వచ్చింది. అలా చివర్లన్నీ తారుమారై మధ్యకి వచ్చేసరికి గణాంకాల అధికారి ఒక్కడు మిగిలాడు. ఆయన తన బాధ్యతలు తనకే అప్పగించి, తానే స్వీకరించి, తనకే నమస్కారం పెట్టుకున్నాడు. వ్యవస్థకి స్థానం లేదు కాబట్టి భీమశంకరం ఒక్కడికీ ఏ మార్పూ లేదు. ఆయన దూలగొండి తీగలకి ఒళ్లు ఎడంగా పెట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ, అందరి కాళ్ల పక్క నుంచీ కొత్త కలెక్టరు దగ్గరికి చేరుకున్నాడు.

ఉత్తర్వు రాయడానికి కాగితం లేకపోతే 'అడుగులో అడుగు, ఆరోగ్యానికి వెలుగు' అన్న అట్ట వెనక రాశారు. అది చేతులు మారుతూ వెళ్లి కలెక్టరు గారి సంతకంతో తిరిగొచ్చింది.

"మేడమ్, బయలుదేరుదామా?" అన్నాడు భీమశంకరం. అంతకు ముందు దాకా ఆయన ఆమెని 'ఏమే' అని పిలవకపోవడమే ఎక్కువ.

*

కలెక్టరు సువార్త నడిచింది. వెనక జిల్లా నడిచింది. చీలిక దగ్గర ఆమె ఆగింది. ఆమె ఆగితే అందరూ ఆగారు. ఎడమ బాట మీద ఇంకా పైన డోలీ వస్తోంది. మోసేవాళ్ల గొంతులు వినిపిస్తున్నాయి. చిన్నమ్మి గొంతు కూడా వినిపిస్తోంది. ఆ గొంతు వినిపిస్తున్నందుకు సువార్తకి కళ్లు చెమర్చాయి.

"ఫైలియ్యండి," అంది.

బండి ఫైలు భీమశంకరం చంకలోనే ఉంది, వేదిక మీద పెట్టడానికి తెచ్చాడు. ఆయన రెండు చేతులా అందించాడు. వెనక, వరస చిట్టచివరి నుంచి అసలు కలెక్టరు గారు, "ఏమిటండీ అక్కడ?" అని అడిగారు. ఆ మాట వరసగుండా ముందుకి వచ్చింది. జవాబు కూడా వరసగుండానే పోయింది.

"సార్, తమరు సెలవులో ఉన్నారు."

సువార్త పెట్రోలుకి సంతకం పెట్టింది. నడిపే మనిషికి సంతకం పెట్టింది. ఆ మనిషి దొరికేదాకా కలెక్టరు గారి కారు డ్రైవరు నడపాలనీ, పెట్రోలు వచ్చేదాకా కలెక్టరు గారి కారులోంచి తియ్యాలనీ రాసి కింద ఇంకో సంతకం పెట్టింది. ఆ కాగితం అప్పన్న చేతిలో పెట్టింది.

"బంగళాకి పరుగెత్తు."

"మేడమ్, తమకన్నా ముందు అటవీ అధికారి వెళ్లడం..." అన్నాడు భీమశంకరం.

"నాకన్నా ముందు కాదండీ. నా పని మీద."

భీమశంకరం దాన్ని మనసులో రెండుసార్లు చదువుకుని సరేనన్నాడు. అప్పన్న నీళ్ల డబ్బా అక్కడే దించి, అటవీ శాఖ మొత్తాన్నీ భుజాన వేసుకుని దూకాడు.

బండి వచ్చేసరికి డోలీ చీలిక దగ్గర దిగింది. చిన్నమ్మిని వాలుకుర్చీలో కూర్చోబెట్టి బెల్టు బిగించారు. ఆ పిల్ల సువార్త చెయ్యి పట్టుకుని వదల్లేదు. సువార్త ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, "నేనొస్తన్నాను. నీ వెనకే ఉన్నాను. ఈసారి వినబడకపోతే అరుస్తాను," అంది. బండి కదిలింది. సువార్త దాని వెనక పరుగెత్తింది.

వరసలో ఒక్క క్షణం గందరగోళం. కలెక్టరు పరుగెత్తితే జిల్లా ఏం చెయ్యాలి? భీమశంకరానికి సందేహం లేదు. "పరుగు," అన్నాడు. ముప్పై మందికి పైగా అధికారులు, ఒకరి వెనక ఒకరు, హోదా క్రమం తప్పకుండా, మోదుగపూలు రాలిన బాట మీద దడదడలాడుతూ కొండ దిగారు. బ్యానరు చిరిగింది. టోపీలు ఎగిరిపోయాయి. కొత్త బూట్లు కరిచి కుంటుతూ, అందరికన్నా వెనక, సెలవులో ఉన్న కలెక్టరు గారు కూడా పరుగెత్తారు. ఆయన ముఖంలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ లేని హుషారు కనిపించిందని, బంగళా దగ్గర నిలబడి చూసిన అప్పన్న తరవాత చెప్పాడు.

చిన్నమ్మికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే గట్టిగా ఏడ్చింది. సువార్త కూడా ఏడ్చింది, పిల్లని తుడుస్తూనే.

*

తరవాత సువార్తకి మెమో వచ్చింది. నడక అని ప్రకటించిన కార్యక్రమంలో పరుగెత్తుటకు గల కారణములు తెలుపవలెనని అడిగారు. ఆమె పెట్టిన సంతకాలు రద్దు చేద్దామని కూడా పైన ఒకరిద్దరు అన్నారు. భీమశంకరమే అడ్డుపడ్డాడు. ఆమె బాధ్యతలు చెల్లవంటే కలెక్టరు గారి సెలవూ చెల్లదు. సెలవు చెల్లకపోతే కలెక్టరు గారు కాంట్రాక్టు ఏఎన్ఎం వెనక పరుగెత్తినట్టు దాఖలా మిగులుతుంది. అందుకని సంతకాలు నిలబడ్డాయి. బండికి పెట్రోలు వస్తూనే ఉంది. నడపడానికి అబ్బాయిరెడ్డి తమ్ముణ్ని పెట్టారు. భీమశంకరం తన నివేదికలో ఒక్క విషయం మాత్రం పై అధికారుల నిర్ణయానికి వదిలేశాడు. నడకలో కలెక్టరు గారి కన్నా ముందు ఉన్న ఎలుగుబంటి హోదా ఏమిటని.

మరుసటి ఏడు వసంతంలో మళ్లీ నడక పెట్టారు. ఈసారి దేనికోసమో సువార్తకి సరిగా తెలియదు. ఆమె చివరనే ఉంది, అప్పన్న తరవాత. భీమశంకరం ముందు ఉన్నాడు, కొత్తగా వచ్చిన కలెక్టరు గారి వెనక. చీలిక దాటి ఎడమకి తిరిగారో లేదో పైనుంచి హారను వినిపించింది. బండి దిగుతోంది. వాలుకుర్చీలో ఎవరో మూలుగుతున్నారు.

వరస ఆగింది. అందరూ భీమశంకరం వైపు చూశారు. బండికి దారివ్వాలంటే పక్కకి జరగాలి. పక్కన దూలగొండి, పోయినేడు కన్నా దట్టంగా.

"బండిలో ఎవరు?" అని ఆయన పైకి అడిగాడు. అడిగింది హోదా కోసమేనని అందరికీ తెలుసు.

"నొప్పులండి," అన్నాడు అబ్బాయిరెడ్డి తమ్ముడు.

భీమశంకరం నోరు తెరిచాడు. ఆ హోదా ఎక్కడ వస్తుందో వెతుకుతున్నట్టు కాసేపు అలాగే ఉన్నాడు. తరవాత ఎవరినీ అడక్కుండా, కలెక్టరు గారికి చెప్పకుండా, చొక్కా చేతులు కిందికి లాక్కుని దూలగొండిలోకి దిగాడు. ఆయన దిగగానే కలెక్టరు గారు దిగారు. వరసంతా దిగింది.

బండి వాళ్ల ముందు నుంచి పోయింది. దాని వెనక సువార్త పరుగెత్తుతూ పోయింది. ఆ సాయంత్రం వేదిక మీద వందన సమర్పణ చేసినంతసేపూ భీమశంకరం గోక్కుంటూనే ఉన్నాడు. కుర్చీల్లో పెద్దలంతా గోక్కుంటూనే విన్నారు. ఎవరు ముందు గోక్కోవాలని మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.